ఎడేల్ నుంచి హేఫీల్డ్ దాకా: పెన్నైన్ వే మీద ఒక రోజు నడక ఎలా చేయాలి

ఇంగ్లండ్‌లో ఉంటున్న మనవాళ్లు చాలామంది సెలవు దొరికితే కారేసుకుని లేక్ డిస్ట్రిక్ట్ వెళ్తారు, సరస్సు పక్కన ఫొటోలు దిగి వచ్చేస్తారు. అందులో తప్పేం లేదు. కానీ కారు అవసరం లేని, ప్రవేశ రుసుము లేని, రోజంతా కాళ్లకీ కళ్లకీ పని పెట్టే దారి ఒకటి మాంచెస్టర్ నుంచి దాదాపు ముప్పావు గంట రైలు దూరంలో ఉంది. షెఫీల్డ్ నుంచైతే ఇంకా దగ్గర. దాని పేరు పెన్నైన్ వే.

డెర్బీషైర్‌లోని ఎడేల్ అనే చిన్న ఊళ్లో మొదలై స్కాట్లండ్ సరిహద్దు దాటగానే వచ్చే కర్క్ యెథమ్ వరకు ఈ దారి 268 మైళ్లు, అంటే సుమారు 430 కిలోమీటర్లు సాగుతుంది. 1965లో తెరిచారు. బ్రిటన్‌లో ఇలాంటి దూరపు నడకదారుల్లో అధికారికంగా మొదటిది ఇదే. మొత్తం నడవాలంటే రెండు మూడు వారాల సెలవు కావాలి. ఇక్కడ నేను చెప్పేది దాని మొదటి రోజు దారిలో దాదాపు సగం. ఎడేల్‌లో రైలు దిగి, పొలాల మీదుగా కిండర్ స్కౌట్ అనే కొండ ఎక్కి, దాని పడమటి అంచు వెంట నడిచి, విలియం క్లఫ్ అనే లోయలోంచి హేఫీల్డ్‌లో దిగుతాం. దూరం 18 కిలోమీటర్లకు అటూ ఇటూ. ఎక్కాల్సిన ఎత్తు దాదాపు 450 నుంచి 500 మీటర్లు.

రోజూ కాస్త నడిచే అలవాటున్న ఎవరైనా చేయగలరు. అయితే ఈ నడకలో అన్నిటికన్నా ముఖ్యమైన పని ఇంట్లో కూర్చుని చేసేది: ఎక్కడెక్కడ ఆగి "ముందుకా, వెనక్కా" అని తేల్చుకోవాలో ముందే కాగితం మీద రాసుకోవడం. పైన పొగమంచు కమ్మాక, చేతులు చల్లబడ్డాక, పక్కనున్న ఫ్రెండ్ "ఇంకొంచెమే కదా, పోదాం పద" అంటున్నప్పుడు ఎవరి బుర్రా సరిగ్గా పనిచేయదు. అందుకే ఈ దారిలో ఆ చోట్లు ఎక్కడో కూడా చెబుతాను.

ముందు రోజు రాత్రి

సాయంత్రం వెలుతురు దగ్గర్నుంచి వెనక్కి లెక్కేయండి. 1892లో విలియం నైస్మిత్ అనే స్కాట్లండ్ పర్వతారోహకుడు ఒక లెక్క చెప్పాడు. గంటకు ఐదు కిలోమీటర్లు, ఎక్కే ప్రతి 600 మీటర్లకు ఇంకో గంట. దాని ప్రకారం మన దారికి నాలుగున్నర గంటలు పడుతుంది. అది ఎక్కడా ఆగకుండా నడిచేవాళ్ల లెక్క. రాళ్లు, బురద, భోజనం, ఫొటోలు కలుపుకొని కొత్తవాళ్లు ఆరున్నర నుంచి ఏడు గంటలు వేసుకోవాలి. జూన్‌లో రాత్రి తొమ్మిదిన్నర దాకా వెలుతురు ఉంటుంది కాబట్టి తొందర లేదు. డిసెంబర్‌లో నాలుగు కాకుండానే పొద్దు పోతుంది. మొదటిసారి వెళ్లేవాళ్లు మే నుంచి సెప్టెంబర్ మధ్య పెట్టుకోండి. ఏ నెలైనా సరే, తొమ్మిదిన్నరకల్లా ఎడేల్‌లో నడక మొదలవ్వాలి. ఆదివారాలు రైళ్లు తక్కువ ఉంటాయి, తిరుగు రైలు టైములు రాసి పెట్టుకోండి.

వాతావరణం చూసేటప్పుడు మీ ఊరి సూచన చూసి సరిపెట్టుకోవద్దు. బ్రిటన్ వాతావరణ శాఖ మెట్ ఆఫీస్ వాళ్లు మనం నడిచే పీక్ డిస్ట్రిక్ట్ కొండలకు విడిగా సూచన ఇస్తారు. అందులో వర్షం కన్నా ముందు గాలి చూడండి. వాన పడితే తడుస్తాం, గాలి వీస్తే నిలబడలేం. కొండ మీద గాలి గంటకు 40 మైళ్లు దాటుతుందని ఉంటే ఇంకో వారం వెళ్లండి, కొండ ఎక్కడికీ పోదు.

మ్యాప్ విషయంలో ఫోన్ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. బ్రిటన్ ప్రభుత్వ మ్యాపుల సంస్థ ఆర్డ్‌నెన్స్ సర్వే వాళ్ల ఎక్స్‌ప్లోరర్ ఓఎల్1, డార్క్ పీక్ అనే మ్యాప్ కొనండి. అందులో నాలుగు సెంటీమీటర్లు ఒక కిలోమీటరు. ప్రతి గోడా గేటూ కనిపిస్తుంది. దాన్ని రాత్రి టేబుల్ మీద పరిచి దారంతా వేలితో ఒకసారి నడవండి. ఫోన్లో కూడా మ్యాప్ డౌన్‌లోడ్ చేసుకోండి, పైన సిగ్నల్ వస్తుందీ పోతుంది. చలికి బ్యాటరీ తొందరగా దిగిపోతుంది కాబట్టి ఫోన్ లోపలి జేబులో పెట్టుకోవాలి. పవర్ బ్యాంక్, చిన్న దిక్సూచి తప్పనిసరి.

ఏం వేసుకోవాలి, ఏం తినాలి

జీన్స్ వద్దు. ఈ ఒక్క మాట వింటే సగం ఇబ్బంది తప్పుతుంది. కాటన్ బట్ట తడిస్తే ఆరదు, ఒంట్లో వేడిని లాగేస్తుంది. తేలికగా ఆరే ట్రాక్ ప్యాంటు, లోపల సింథటిక్ టీషర్ట్, పైన ఫ్లీస్, ఆ పైన నిజంగా నీళ్లు ఆపే రెయిన్ జాకెట్. ఎడేల్ కన్నా పైన మూడు డిగ్రీలు తక్కువ ఉండొచ్చు, గాలితో కలిస్తే ఒంటికి అంతకన్నా చాలా తక్కువగా అనిపిస్తుంది. జూన్ అయినా టోపీ, గ్లవ్స్ బ్యాగులో ఉండాలి. చీలమండ పైదాకా వచ్చే బూట్లు మంచివి. కొత్తవైతే వారం ముందు నుంచి ఇంటి చుట్టూ వేసుకు తిరగండి. ఒక జత సాక్సులు అదనంగా, హెడ్ టార్చ్, విజిల్, బొబ్బలకు ప్లాస్టర్లు కూడా సర్దుకోండి.

తిండికి మనకంటే అదృష్టవంతులు లేరు. పులిహోరకి మించిన కొండ భోజనం నాకు తెలీదు. చెడిపోదు, చల్లారినా రుచి పోదు, రెండు చెంచాలు తినగానే ప్రాణం లేచొస్తుంది. చెంచా మర్చిపోవద్దు, ఆ చలిలో గ్లవ్స్ తీసి చేత్తో కలుపుకొని తినే ఓపిక ఉండదు. పెరుగన్నం ఎంత ఇష్టమైనా పైన చల్లగాలిలో గొంతు దిగదు. చపాతీలో ఆలూ కూర చుట్టి తెచ్చుకున్నా బాగుంటుంది. పల్లీపట్టీ, ఖర్జూరాలు మాత్రం జాకెట్ జేబులో ఉండాలి, బ్యాగు అడుగున కాదు. గంటకోసారి చిన్న ముక్క నోట్లో వేసుకుంటూ పోతే నీరసం దరిచేరదు. ఫ్లాస్కులో వేడి టీ, మనిషికి లీటరున్నర నుంచి రెండు లీటర్ల నీళ్లు. కొండ మీద వాగుల నీళ్లు పారుతూ కనిపించినా తాగొద్దు, గొర్రెలు తిరిగే చోటు అది.

ఎడేల్ నుంచి అప్పర్ బూత్: పొలాలు

స్టేషన్ బయటికొచ్చి ఊళ్లోకి పోయే రోడ్డు పట్టుకోండి. టాయిలెట్ పని ఊళ్లోనే ముగించుకోండి, కొండ మీద ఎక్కడా ఉండదు. చర్చి దాటి రోడ్డు చివరికి వెళ్తే ఓల్డ్ నాగ్స్ హెడ్ అనే పాత పబ్ వస్తుంది. పెన్నైన్ వే లాంఛనంగా మొదలయ్యేది అక్కడే. దాని ఎదుటి నుంచి ఎడమకు, పడమర వైపు, పొలాల్లోకి దారి తిరుగుతుంది. ఓక్ చెట్టు కాయ గుర్తు చెక్కిన స్తంభాలు కనిపిస్తాయి. ఇలాంటి అధికారిక దూరపు నడకదారుల (నేషనల్ ట్రైల్) గుర్తు అదే. పసుపు బాణం కాలిబాటకి, నీలం బాణం గుర్రాలూ సైకిళ్లూ కూడా పోయే దారికి.

ఇది ప్రైవేటు పొలాల్లోంచి పోయే దారి, కానీ నడిచే హక్కు మీది. ఆ హక్కుతో పాటు చిన్న చిన్న పద్ధతులున్నాయి. తెరిచి ఉన్న గేటు తెరిచే ఉంచాలి, మూసి ఉన్నది దాటాక మూసేయాలి. మట్టీ సిమెంటూ లేకుండా రాయి మీద రాయి పేర్చిన గోడలవి, ఎక్కితే జారి కూలుతాయి. మెట్లున్న చోటే దాటండి. ఏప్రిల్, మే నెలల్లో గొర్రెపిల్లలు ఉంటాయి, పిల్లలు ముచ్చటపడి దగ్గరికి పరిగెత్తకుండా చూసుకోండి. ఆవులు కనిపిస్తే ఆవుకీ దూడకీ మధ్య నుంచి మాత్రం పోవద్దు, పొలం అంచు వెంట చుట్టు తిరిగి వెళ్లండి. ఎదురొచ్చేవాళ్లు "మార్నింగ్" అని పలకరిస్తారు, మీరూ అనండి.

రెండున్నర కిలోమీటర్లు పోతే అప్పర్ బూత్ అనే రైతుల ఇళ్లు. వేసవిలో ఇండియా నుంచి అమ్మానాన్నలు, అత్తమామలు వచ్చి ఉంటే వాళ్లని ఇక్కడిదాకా తీసుకురండి. దారి పెద్దగా ఎక్కుడు కాదు, ఎడమన లోయ, కుడిన కొండ. గోడ పక్కన కూర్చుని టీ తాగి, వచ్చిన దారినే వెనక్కి వెళ్తే వాళ్లకు నిండైన రోజు అవుతుంది. ముందుకు పోవాలనుకునేవాళ్లకి ఇది మొదటి నిర్ణయం చోటు. బూటు కొరుకుతోందా, ఎవరికైనా ఆయాసంగా ఉందా, పడమటి కొండ తల కనబడకుండా మబ్బు కప్పేసిందా చూసుకోండి. కొరికే చోట ఇప్పుడే ప్లాస్టర్ వేయాలి, బొబ్బ వచ్చాక వేస్తే లాభం లేదు.

జేకబ్స్ లాడర్

అప్పర్ బూత్ నుంచి లీ ఫామ్ మీదుగా బండిబాట పోయి, నోయ్ అనే చిన్న వాగు మీద కట్టిన రాతి వంతెన దగ్గర ఆగుతుంది. ఒకప్పుడు సరుకు మోసే గుర్రాలు దాటిన వంతెన అది. అక్కడి నుంచి నిటారుగా రాతిమెట్లు. జేకబ్ మార్షల్ అనే రైతు తన గుర్రాన్ని చుట్టుదారిలో వదిలి, తాను అడ్డంగా ఎక్కడానికి ఈ మెట్లు చెక్కాడని చెబుతారు.

ఎక్కడానికి ఒకటే పద్ధతి: మాట్లాడుతూ ఎక్కగలిగేంత నెమ్మదిగా ఎక్కండి. మాట ఆగిపోతోందంటే వేగం ఎక్కువైనట్టు. మెట్లు మొదలవక ముందే ఫ్లీస్ విప్పి బ్యాగులో పెట్టుకోండి. చెమటతో లోపలి బట్ట తడిస్తే పైన గాలికి వణుకు పుడుతుంది. పైకి చేరగానే, చలి వేయక ముందే, మళ్లీ వేసుకోండి.

మెట్ల పైన రెండో నిర్ణయం చోటు వస్తుంది. నా దృష్టిలో రోజంతటికీ కీలకమైనది ఇదే. కుడికి తిరిగితే పెన్నైన్ వే కిండర్ మీదికి ఎక్కుతుంది. తిన్నగా పోతే పాత గుర్రపు దారి ఎడేల్ క్రాస్ అనే మధ్యయుగపు రాతి శిలువ పక్కనుంచి కొండ అవతలకు దిగి హేఫీల్డ్‌కే చేరుస్తుంది. అంటే మబ్బు దిగినా, గాలి పెరిగినా, టైము పన్నెండున్నర దాటినా మీ నడక చెడిపోదు. కిండర్ అంచు వదిలేసి తిన్నగా హేఫీల్డ్ వెళ్లిపోవచ్చు. అనుమానంగా ఉంటే తిన్నగానే పొండి.

కిండర్ పైన: మూర్

కుడికి ఎక్కితే ఎడేల్ రాక్స్ అనే బండల గుంపు, ఆ తర్వాత 'కిండర్ లో' (Kinder Low) అనే చోటు. ఒక బండ మీద తెల్లటి సర్వే స్తంభం నిలబడి ఉంటుంది. ఎత్తు 633 మీటర్లు. ఈ కొండ అసలు శిఖరం 636 మీటర్లే, అది కూడా బల్లపరుపు మైదానంలో ఎక్కడో కలిసిపోయి ఉంటుంది. వెతకడం దండగ.

మూర్ అంటే చెట్టూ చేమా లేని ఎత్తయిన బీడు. పైన హీథర్ పొదలు, గడ్డి, కింద పీట్ అనే నల్లటి తడి మన్ను. కుళ్లీ కుళ్లని నాచు వేల ఏళ్లుగా పేరుకుని అయిన మన్ను అది. దాన్ని తయారుచేసేది స్ఫాగ్నమ్ అనే నాచు. దారి పక్కన కూర్చుని చిటికెడు నాచుని వేలితో నొక్కి చూడండి, పీకొద్దు, నొక్కితే చాలు. తడి బట్ట పిండినట్టు నీళ్లు కారతాయి. తన బరువుకి ఎన్నో రెట్లు నీటిని పట్టి ఉంచుకుంటుంది. చుట్టుపక్కల మిల్లుల పొగ ఈ నాచుని చాలావరకు చంపేసింది. మన్ను బోసిపోయి వానకి కొట్టుకుపోయింది. ఈ మధ్య ఏళ్లలో నేషనల్ ట్రస్టూ ఇతర సంస్థలూ వాన నీరు కోసిన లోతైన చాళ్లకు (వీటినే గల్లీలు అంటారు) అడ్డుకట్టలు కట్టి, నాచు మొక్కలు నాటి మళ్లీ పచ్చబరుస్తున్నాయి. అందుకే దారి వదలొద్దు. బురద తప్పించుకోవడానికి పక్కకి పక్కకి జరిగితే దారి వెడల్పై నాచు చస్తుంది. కొన్ని చోట్ల పరిచిన పెద్ద రాతి పలకలు కనిపిస్తాయి. ఈ కొండల్లో అలాంటి పలకలు చాలావరకు మూతపడిన నూలు మిల్లుల నేలల నుంచి తెచ్చినవే.

నిప్పు మాట కూడా ఇక్కడే చెప్పాలి. బార్బెక్యూలు, సిగరెట్లు అసలు వద్దు. ఇక్కడికి దగ్గర్లోనే ఉన్న సాడిల్‌వర్త్ మూర్ 2018 జూన్‌లో అంటుకుంటే ఆర్పడానికి సైన్యం రావాల్సి వచ్చింది. పీట్ అంటుకుంటే నేల లోపల రోజుల తరబడి రగులుతూనే ఉంటుంది.

'కిండర్ లో' నుంచి దారి దాదాపు తిన్నగా ఉత్తరానికి. గుర్తు సులభం: లోయ ఎడమ చేతి వైపు ఉండాలి, మైదానం కుడి చేతి వైపు. మంచు కమ్మి పది అడుగుల ముందు ఏమీ కనబడకపోయినా ఈ ఒక్కటి పట్టుకుంటే చాలు. కుడివైపు మైదానంలోకి వెళ్లారా, మనిషి ఎత్తు నల్లటి గల్లీలు ఒకదాంట్లోంచి ఒకటి తిప్పుతూనే ఉంటాయి. అంచుకి మరీ దగ్గరగా కూడా పోవద్దు, తడి బండ మీద బూటు జారుతుంది. ఎడమన చాలా దిగువన కిండర్ రిజర్వాయర్ నీళ్లు మెరుస్తుంటాయి. గ్రౌస్ అనే ఎర్రటి కోడిలాంటి పక్షి కాళ్ల దగ్గర్నుంచి ఒక్కసారిగా గోలచేస్తూ లేస్తుంది, ఉలిక్కిపడకండి. అదృష్టం ఉంటే కొండ కుందేలు కనిపిస్తుంది. చలికాలంలో అది తెల్లగా మారుతుంది, ఇంగ్లండ్‌లో పీక్ డిస్ట్రిక్ట్‌లో తప్ప ఇంకెక్కడా లేదు. మార్చి నుంచి జులై వరకు పక్షులు నేల మీదే గుడ్లు పెడతాయి కాబట్టి కుక్కని తీసుకెళ్తే పొట్టి పగ్గంతోనే నడిపించాలి.

రెండు కిలోమీటర్ల తర్వాత కిండర్ డౌన్‌ఫాల్. దాదాపు 30 మీటర్ల జలపాతం. ఎండాకాలంలో సన్నని ధార మాత్రమే ఉండొచ్చు. వానల తర్వాత పడమటి గాలి గట్టిగా వీస్తే మాత్రం నీరు కిందికి పడదు, గాలికి ఎదురు తిరిగి పైకి లేచి మీ మొహం మీద చిందుతుంది. భోజనం ఇక్కడే. గాలికి చాటుగా ఏదైనా బండ వెనక కూర్చుని, కూర్చోగానే ఇంకో పొర వేసుకుని, అప్పుడు డబ్బా తెరవండి. నారింజ తొక్కలు, అరటి తొక్కలు కూడా కవర్లో వేసి వెనక్కి తేవాలి, ఆ చల్లటి నేలలో అవి తొందరగా కుళ్లవు.

ఇది మూడో నిర్ణయం చోటు. దారి తప్పే అవకాశం ఎక్కువ ఉన్నదీ ఇక్కడే. జలపాతం పైన వాగు దాటాక పెన్నైన్ వే ఎడమకు, వాయవ్యం వైపు తిరిగి మళ్లీ అంచు పట్టుకుంటుంది. చాలామంది వాగు వెంటే మైదానంలోకి నడిచేస్తారు. దాటగానే దిక్సూచి తీసి చూడండి. లోయ మళ్లీ ఎడమ వైపుకే వచ్చిందా? అయితే సరైన దారే. వాగు పొంగి బండలు మునిగితే దాటే ప్రయత్నం చేయొద్దు. వచ్చిన దారిన వెనక్కి నడిచి ఎడేల్ క్రాస్ మీదుగా దిగండి.

ఎవరికైనా దెబ్బ తగిలి కదల్లేకపోతే 999కి ఫోన్ చేసి ముందు పోలీసుని, తర్వాత మౌంటెన్ రెస్క్యూని అడగాలి. అంబులెన్స్ అని అడిగితే ఆలస్యం అవుతుంది. మ్యాప్ మీద గ్రిడ్ రిఫరెన్స్, అంటే మీరున్న చోటుని తెలిపే అంకెలు, చెప్పండి. సిగ్నల్ లేకపోతే నిమిషంలో ఆరుసార్లు విజిల్ ఊది, ఒక నిమిషం ఆగి మళ్లీ ఊదాలి. వచ్చేవాళ్లు వాలంటీర్లు, పైసా తీసుకోరు. ఖర్చవుతుందేమో అని, ఇబ్బంది పెడుతున్నామేమో అని మొహమాటపడి చీకటి పడేదాకా ఆగొద్దు. మనవాళ్లకి ఆ మొహమాటం ఎక్కువ, అందుకే నొక్కి చెబుతున్నాను.

విలియం క్లఫ్‌లోకి దిగడం

డౌన్‌ఫాల్ నుంచి మూడు కిలోమీటర్లు అంచు వెంట పోతే మైదానం ముగిసి దారి నిటారుగా దిగుతుంది. అడుగున నాలుగు దారుల కూడలి, ఆషప్ హెడ్. తిన్నగా పోతే పెన్నైన్ వే మిల్ హిల్ ఎక్కి ఉత్తరానికి వెళ్లిపోతుంది. కుడిది స్నేక్ పాస్ రోడ్డు వైపు. మనకి ఎడమది కావాలి. విలియం క్లఫ్ ఇరుకైన లోయ, దారి వాగుని అటూ ఇటూ దాటుతూ దిగుతుంది. అలసిన మోకాళ్లు ఇక్కడే మొరాయిస్తాయి. చిన్న అడుగులు వేయండి, తడి రాయి మీద మడమ కాకుండా పాదం మొత్తం ఆనించండి.

మీరు దిగుతున్న ఈ లోయలోనే 1932 ఏప్రిల్ 24న నడిచే హక్కు కోసం కొన్ని వందల మంది పైకెక్కారు. ఎక్కువమంది మాంచెస్టర్ చుట్టుపక్కల మిల్లుల్లో, ఫ్యాక్టరీల్లో పనిచేసే కుర్రవాళ్లు. అప్పట్లో ఈ కొండంతా భూస్వాముల గ్రౌస్ వేట కోసం మూసి ఉండేది. కాపలాదార్లతో తోపులాట జరిగింది, ఐదుగురికి రెండు నుంచి ఆరు నెలల జైలు పడింది. నాయకుడు బెన్నీ రోత్‌మన్‌కి అప్పుడు ఇరవై ఏళ్లు. 1949లో నేషనల్ పార్కుల చట్టం వచ్చింది, 1951లో పీక్ డిస్ట్రిక్ట్ దేశంలో మొదటి నేషనల్ పార్కు అయింది, 2000లో మూర్‌ల మీద స్వేచ్ఛగా నడిచే హక్కు చట్టమైంది. 2002లో, ఆ సంఘటనకి డెబ్బై ఏళ్లు నిండినప్పుడు, అప్పటి డెవన్‌షైర్ డ్యూక్, ఆ భూస్వాముల్లో ఒకరైన తన తాత చేసిన పనికి బహిరంగంగా క్షమాపణ చెప్పాడు. కిందికొచ్చి రిజర్వాయర్‌ని ఎడమన పెట్టుకుని నడిస్తే రోడ్డు తగులుతుంది. ఆ రోడ్డు మీద బౌడెన్ బ్రిడ్జ్ దగ్గర, వాళ్లు పోగైన పాత రాతి గనిలో, బండకి ఒక ఫలకం ఉంది. రెండు నిమిషాలు ఆగి చదవండి.

హేఫీల్డ్, ఆ తర్వాత

అక్కడి నుంచి హేఫీల్డ్ ఊరు దగ్గరే. ఈ ఊరి రైలు 1970లో ఆగిపోయింది. ఆ పట్టాల దారినే ఇప్పుడు సెట్ వ్యాలీ ట్రైల్ అనే చదునైన నడకబాట చేశారు. నాలుగు కిలోమీటర్లు నడిస్తే న్యూ మిల్స్. అక్కడి న్యూ మిల్స్ సెంట్రల్ స్టేషన్ ఉదయం మీరు ఎడేల్‌కి వచ్చిన లైను మీదే ఉంది. ఓపిక అయిపోతే హేఫీల్డ్‌లోనే బస్సెక్కండి, కానీ సాయంత్రం బస్సులు తక్కువ, టైములు ముందే చూసుకోవాలి.

ఇంటికొచ్చాక స్నానానికి ముందు పిక్కలు, మోకాళ్ల వెనక, నడుము దగ్గర పిడుదులు పట్టాయేమో చూసుకోండి. కనిపిస్తే సన్నని ట్వీజర్‌తో చర్మానికి ఆనించి పట్టుకుని తిన్నగా పైకి లాగేయాలి. తర్వాతి వారాల్లో ఆ చోట గుండ్రంగా ఎర్రటి మచ్చ పెరుగుతుంటే డాక్టరుకి చూపించండి, లైమ్ జబ్బు కావచ్చు. బూట్ల మీద పీట్ ఎండకముందే కుళాయి కింద కడిగేయండి. లోపల న్యూస్‌పేపర్ ఉండలు కూరి గాలి తగిలే చోట పెట్టండి. రేడియేటర్ మీద పెడితే తోలు పగులుతుంది. కాగితం తడిసిపోతుంది కాబట్టి పడుకునే ముందు ఒకసారి మార్చండి.